బాబిలోను రాతిలో లేని శిక్ష

మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా సోషల్ స్టడీస్ టీచర్ బాబిలోను నాగరికత మీద ప్రాజెక్ట్ ఇచ్చింది. ఒక మట్టి పలక చేసి దాని మీద అక్కడి రాజు హమ్మురాబి చట్టం ఒకటి చెక్కాలి. నెల తర్వాత క్లాసులో బాబిలోను కోర్టు నడపాలి, ఒక్కొక్కరికీ ఒక్కో వేషం. ఈ దేశానికొచ్చి మేముంటున్న పార్సిప్పనీలో మనవాళ్ల ఇళ్లలో ఇలాంటి ప్రాజెక్టులు ఎవరు చేస్తారో అందరికీ తెలిసిన రహస్యమే. పిల్లలు పేరు రాస్తారు, మిగతాదంతా తల్లిదండ్రులు చేస్తారు. మా కాంప్లెక్స్‌లో ఒకాయన ఆ చట్టాలున్న రాతి శాసనం మొత్తాన్ని త్రీడీ ప్రింటర్‌లో దింపాడు. పైన సింహాసనం మీద కూర్చున్న సూర్యదేవుడు, ఆయన భుజాల మీంచి లేచే కిరణాలు, ఎదురుగా చెయ్యెత్తి నిలబడ్డ రాజు, ఒక్కటీ వదల్లేదు. నేను అంత దూరం పోలేదు గానీ, మట్టి కొనడానికి మాత్రం ఆఫీసు టైమ్‌లోనే వెళ్లాను.

అది శుక్రవారం మధ్యాహ్నం, ఇంటినుంచి పనిచేసే రోజు. క్రాఫ్ట్ షాపులో ఎర్రమట్టి కొనాలా, బూడిదరంగు మట్టి కొనాలా తేల్చుకోలేక నిలబడి ఉంటే వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. పంపింది మా టీమ్‌లో కాంట్రాక్ట్ మీద చేస్తున్న తమ్ముడు. సొంత తమ్ముడు కాదు. కరీంనగర్ వైపు మనిషి, నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. అతన్ని ఆ ప్రాజెక్ట్‌కి రెఫర్ చేసింది నేనే. మొదటి రోజునుంచీ అక్కా అని పిలిచేవాడు. నేనూ ఆ పిలుపుకి తగ్గట్టు డబ్బాల్లో పప్పూ కూరా పంపేదాన్ని, పెత్తనమూ చేసేదాన్ని.

"అక్కా, రివ్యూకి పెట్టిన. ఆ డేట్ కండిషన్ ఒక్కటి మంచిగ చూడండి. నెలాఖరుకి వచ్చేటివాటి మీద నాకు డౌట్‌గ ఉంది. మీరు ఓకే అంటెనే పంపిస్త." ఇదీ ఆ మెసేజ్.

మా పని ఏమిటో చెప్పాలి. ఒక ఆరోగ్య బీమా కంపెనీకి మేము సాఫ్ట్‌వేర్ నడుపుతాం. ఎవరైనా మందుల షాపుకి వెళ్లినప్పుడు, ఆ మందుకి బీమా వర్తిస్తుందో లేదో షాపువాడికి చెప్పేది మా సిస్టమ్. అందులో ఎవరు ఏ మార్పు చేసినా రెండో మనిషి చదివి అప్రూవ్ చెయ్యాలి. కాగితం మీద అది గట్టి నియమమే. మనవాళ్ల మధ్య మాత్రం ఇంకో పద్ధతి నడుస్తుంది. మనవాడు అడిగితే ముందు అప్రూవ్ నొక్కేస్తాం, తర్వాత తీరిక దొరికితే చూస్తాం. గుచ్చి గుచ్చి చూడడమంటే మనవాడిని అనుమానించినట్టు ఉంటుంది. ఇదొక మర్యాద అనుకునేవాళ్లం. పదేళ్లుగా ఆ మర్యాదతోనే మంచిదాన్ని అనిపించుకున్నాను.

షాపులో నిలబడే ఫోన్‌లోంచి అప్రూవ్ నొక్కాను. "చూశాను తమ్ముడూ, ఓకే" అని జవాబు పెట్టాను. చూడలేదు. ఎర్రమట్టి కొనుక్కుని ఇంటికి వచ్చాను.

మర్నాడు శనివారం, అది నెలలో ఆఖరి వారాంతం. నెలాఖరుతో బీమా అనుమతి ముగిసే మందులన్నిటికీ అప్పటికే ఆ గడువు అయిపోయినట్టు మా సిస్టమ్ చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున షాపులు తెరిచినప్పటినుంచీ బీమా వర్తించదని జనాన్ని వెనక్కి పంపారు. తమ్ముడే కనిపెట్టి, తనే సరిచేశాడు. అది పూర్తయ్యేసరికి మధ్యాహ్నం అయింది. ఆ కొన్ని గంటల్లో ఇన్సులిన్ కోసం వచ్చినవాళ్లు ఎవరు, పిల్లాడి ఫిట్స్ మందు కోసం వచ్చినవాళ్లు ఎవరు, వాళ్లలో సొంత డబ్బు పెట్టి కొనగలిగినవాళ్లు ఎవరు, వట్టి చేతులతో ఇంటికి పోయినవాళ్లు ఎవరు, ఇవేవీ మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

సోమవారం మీటింగ్ పెట్టారు. తప్పు ఎక్కడ మొదలైందో తేల్చే మీటింగ్ అది. మా మేనేజర్ గొంతు పెంచే మనిషి కాదు. ఉద్యోగం పీకేటప్పుడు కూడా వీకెండ్ బాగా గడిచిందా అని అడిగి మరీ పీకే రకం. ముందు తమ్ముణ్ణి అడిగాడు, ఈ మార్పులో రిస్క్ ఉందని ఎవరికైనా చెప్పావా అని. చెప్పానన్నాడు తమ్ముడు. ఎక్కడ చెప్పావు, టికెట్‌లో కనపడటం లేదే అన్నాడు మేనేజర్. టికెట్ అంటే ప్రతి పనికీ ఉండే రికార్డు. చెప్పాల్సింది ఏదైనా అందులో రాయాలి. తమ్ముడు తలెత్తి స్క్రీన్ వైపు చూశాడు. వీడియో కాల్‌లో ఎవరు ఎవరివైపు చూస్తున్నారో తెలియదంటారు. నాకు మాత్రం తెలిసింది.

మేనేజర్ నన్ను అడిగాడు, "నీకేమైనా చెప్పాడా?" అని.

"టికెట్‌లో ఏమీ లేదు" అన్నాను.

అది అబద్ధం కాదు. అడిగింది ఒకటి, నేను చెప్పింది ఇంకొకటి. మేనేజర్ తలూపి ఏదో రాసుకున్నాడు. తమ్ముడు ఫోన్ తీసి ఆ మెసేజ్ చూపిస్తే సరిపోయేది. అది తెలుగులో ఉన్నా చదివి అర్థం చెప్పడానికి మనవాళ్లు నలుగురున్నారు ఆ కాల్‌లో. కానీ అతను చూపించలేదు. అక్కా అని పిలిచిన మనిషి మీదికి నలుగురిలో ఫోన్ ఎత్తి చూపడం అతని పెంపకంలో లేదు. నేనే చెబుతానని ఎదురుచూశాడు. మీటింగ్ అయిపోయేదాకా ఎదురుచూశాడు.

ఆ సాయంత్రం మా అమ్మాయి టీచర్ ఇచ్చిన కాగితాలు తెచ్చి సృష్టి కథ చదివి వినిపించమంది. బాబిలోను వాళ్ల కథ అది. సముద్రమంత ఆదిమాత తియామత్ దేవతల మీద యుద్ధానికి లేస్తుంది. మర్దుక్ అనే దేవుడు ఆమెను చంపి, ఎండుచేపను చీల్చినట్టు చీల్చి, ఒక సగంతో ఆకాశం చేస్తాడు. తర్వాత దేవతలందరినీ సభకి పిలిచి అడుగుతాడు, ఈ యుద్ధానికి కారకుడు ఎవరని. ఆమెను ఎగదోసినవాళ్లు ఆ సభలోనే చాలామంది ఉన్నారు. అందరూ కలిసి ఒక్క పేరు చెబుతారు, ఆమె సేనాపతి కింగు అని. అతన్ని కట్టి తెచ్చి నరాలు కోసి, ఆ రక్తంతో మనుషుల్ని చేస్తారు. దేవతలు మొయ్యాల్సిన చాకిరీ మనుషుల నెత్తిన పడుతుంది, దేవతలు సుఖంగా ఉంటారు.

"అంటే అసైన్‌మెంట్ ఇచ్చినట్టు బ్లేమ్ అతనికి ఇచ్చారా?" అంది మా అమ్మాయి.

అవునన్నాను.

బుధవారం తమ్ముడి కాంట్రాక్ట్ ముగించారు. నాకు ఒక ఈమెయిల్ వచ్చింది, ఇకపై రివ్యూలు మరింత శ్రద్ధగా చెయ్యగలరని. హమ్మురాబి చట్టంలో కంటికి కన్ను అని అందరికీ తెలుసు. అది పెద్దమనిషి కన్ను పెద్దమనిషి పోగొట్టినప్పుడే అన్న సంగతి నాకు ఆ వారమే తెలిసింది. సామాన్యుడి కన్ను పోగొడితే కొంచెం వెండి ఇస్తే చాలు. బానిస కన్ను పోతే అతని ఖరీదులో సగం, అదీ యజమానికి. ఒకే రాయి మీద, ఒకే సూర్యదేవుడి ఎదుట, ఒకే తప్పుకి మూడు రకాల శిక్షలు. ఆ రాజు కనీసం దాన్ని రాతి మీద చెక్కించి ఊరి మధ్య నిలబెట్టాడు. మా కంపెనీ అయితే అందరం ఒకటే కుటుంబం అని గోడ మీద రాసుకుంది.

మాలాగా ఉద్యోగ వీసా మీద ఇక్కడ ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే అరవై రోజుల గడువు. ఈలోపు ఇంకో ఉద్యోగం దొరకాలి, లేకపోతే దేశం వదలాలి. గంటని అరవై నిమిషాలుగా, నిమిషాన్ని అరవై సెకన్లుగా విడగొట్టిన లెక్క బాబిలోను వాళ్లదే. ఒక చేతి బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కణుపులు లెక్కపెడితే పన్నెండు, దాన్ని రెండో చేతి ఐదు వేళ్లతో హెచ్చవేస్తే అరవై. ఆ లెక్క అలా పుట్టి ఉండొచ్చని కొందరి ఊహ. మా అమ్మాయికి అది చూపించినప్పటినుంచీ, కారులో సిగ్నల్ దగ్గర, ఆఫీసు లిఫ్ట్‌లో, నా బొటనవేలు దానంతటదే కణుపుల మీద తిరిగేది. తమ్ముడికి ఇంకా ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టేదాన్ని.

సాయం చెయ్యలేదని ఎవరూ అనలేరు నన్ను. రెజ్యూమె దిద్దాను. తెలిసిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేశాను. మన సరుకుల షాపులుండే ఐసెలిన్ వెళ్లినప్పుడల్లా వాళ్లకీ కలిపి సరుకులు కొన్నాను, గోంగూర పచ్చడి చేసి పట్టుకెళ్లాను. తమ్ముడి భార్య అప్పుడే డ్రైవింగ్ టెస్ట్ పాసైంది, లైసెన్స్ కార్డు ఇంకా పోస్టులో రాలేదు. పొద్దున్నే యూట్యూబ్‌లో రాశిఫలాలు పెట్టుకుని, ఈ వారం ఉద్యోగ యోగం ఉందట వదినా అని నాతో చెప్పేది. ఆ రాశుల్లో చాలావాటిని ఆకాశంలో మొదట గీసింది కూడా బాబిలోను వాళ్లేనట, అవి గ్రీకుల మీదుగా మన పంచాంగంలోకి వచ్చాయట. ఆమెతో ఆ సంగతి చెప్పాను. చెప్పాల్సిన సంగతి మాత్రం చెప్పలేదు.

ఒక్కసారి మా ఆయనతో అన్నాను, మేనేజర్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేస్తానని.

"ఏమని చెప్తావు? చదవకుండా అప్రూవ్ కొట్టాను, చూశానని రాశాను, మీటింగ్‌లో దాచాను అనా?" అన్నారు. "నువ్వు అబద్ధం ఆడలేదు కదా. మన గ్రీన్ కార్డ్ ఫైల్ ఏ స్టేజ్‌లో ఉందో తెలుసా? నీ జాబ్ పోతే మనకీ అదే అరవై రోజులు. పిల్ల స్కూల్ ఏం చేస్తావు?"

ఆయన మాటలో తప్పు వెతికాను, దొరకలేదు. దొరకలేదని లోపల సంతోషించాను కూడా. అది ఇప్పుడు రాస్తుంటే నామీద నాకే అసహ్యం వేస్తోంది.

కోర్టులో మా అమ్మాయికి సాక్షి వేషం వచ్చింది. కేసు ఏమిటంటే, ఒక మేస్త్రీ ఇల్లు కట్టాడు, అది కూలి యజమాని చచ్చిపోయాడు. హమ్మురాబి చట్టం ప్రకారం మేస్త్రీకి మరణశిక్ష. యజమాని కొడుకు చస్తే మేస్త్రీ కొడుకుని చంపాలి. ఆ శనివారం మేము కూల్చిన ఇల్లు ఎవరి మీద పడిందో మాకే తెలియదు కదా అనుకున్నాను. సాక్షుల గురించి చదువుదాం అమ్మా అని తను అంటే, ఇద్దరం కూర్చుని రెండు వందల ఎనభై రెండు చట్టాల్లో దొరికినవన్నీ వరసగా చదివాం. నేరం మోపి రుజువు చెయ్యలేకపోతే మోపినవాడికే చావు. ప్రాణం మీదికి వచ్చే కేసులో అబద్ధపు సాక్ష్యం చెప్పినవాడికి చావు. తీర్పు ఇచ్చాక మార్చిన న్యాయమూర్తిని పదిమందిలో ఆసనం మీంచి దించేస్తారు, మళ్లీ ఎక్కనివ్వరు. సాక్షులు దగ్గర్లో లేకపోతే తెచ్చుకోవడానికి ఆరు నెలల గడువు కూడా ఇచ్చారు. మూడువేల ఎనిమిది వందల ఏళ్ల కిందటి న్యాయమూర్తులు ఇచ్చింది ఆరు నెలలు.

తెలిసి నోరు మెదపని సాక్షికి ఏం శిక్షో మాత్రం ఎక్కడా కనపడలేదు. మా అమ్మాయి నిద్రపోయాక కూడా ఇంకోసారి చూశాను. ఆ రాయిని ఎప్పుడో పక్క రాజ్యంవాళ్లు యుద్ధంలో దోచుకుపోయారు. గెలిచిన రాజు తన పేరు చెక్కించుకుందామని కింది భాగంలో కొన్ని వరసలు గీకించేసి, ఎందుకో ఏమీ రాయించకుండా వదిలేశాడు. ఆ గీకేసిన చోట ఉన్న చట్టాల్లో కొన్నే వేరే పలకల్లో దొరికాయి. నాకు తగిన శిక్ష ఆ పోయినవాటిలో ఉండేదేమో అనుకున్నాను. తప్పించుకోవడానికి మనిషి ఎంత దూరమైనా పోతాడు. నేను బాబిలోను దాకా పోయాను.

కోర్టు రోజున తల్లిదండ్రుల్ని కూడా పిలిచారు. టీచరే న్యాయమూర్తి, భుజం మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. మేస్త్రీ వేషం వేసిన పిల్లాడు మా అమ్మాయికి మంచి స్నేహితుడు. యజమాని తొందరపెట్టి ఒక గోడ తీయించేశాడనీ, అది తను చూశాననీ చెబుతానని వాడికి బస్సులోనే మాట ఇచ్చిందట. తీరా నిలబడ్డాక చేతిలో కార్డు చూసి ఉన్న రెండు లైన్లూ చదివింది. ఇల్లు కూలడం చూశాను, యజమాని చనిపోవడం చూశాను. అంతేనా అని టీచర్ అడిగింది. అంతే అంది మా అమ్మాయి. మేస్త్రీకి మరణశిక్ష వేశారు. వాడు నేలమీద వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటుంటే క్లాసంతా నవ్వింది, నేను తప్ప.

కారులో అడిగాను, వాడికి మాట ఇచ్చావు కదా, ఎందుకు చెప్పలేదని.

"నా కార్డ్‌లో అది లేదు అమ్మా" అంది. "కార్డ్‌లో ఉన్నదే చెప్పాలి. ఎక్స్‌ట్రా చెప్తే పాయింట్స్ కట్ చేస్తారు. నేను లై చెప్పలే కదా."

దాన్ని ఏ ముఖం పెట్టుకుని తిడతాను? దానికి పూర్తి మార్కులు వచ్చాయి.

నలభై ఒకటో రోజున తమ్ముడికి శాంటా క్లారాలో ఒక కంపెనీ దాదాపు ఉద్యోగం ఇచ్చేసింది. ఇంటర్వ్యూలన్నీ అయ్యాయి, రిఫరెన్స్ ఒక్కటే మిగిలింది. నా పేరు ఇచ్చాడు. ఇస్తున్నానని ముందుగా ఫోన్ చేసి మరీ చెప్పాడు, "మీకు ఇబ్బంది లేకుంటెనే అక్కా" అని. శాంటా క్లారా నుంచి ఒకామె ఫోన్ చేసింది. అతను ఎలా పనిచేస్తాడని అడిగితే పొగిడాను, నిజంగానే పొగిడాను. ఆఖర్న ఆమె అంది, పాత చోట ఒక తప్పు జరిగిందని విన్నాం, రిస్క్ తెలిసి కూడా పైవాళ్లకి చెప్పకుండా పంపాడా, చెప్పి పంపాడా, మాకు అదొక్కటే కావాలి అని.

రెండోసారి అడిగారు నన్ను. మొదటిసారి నలుగురిలో అడిగారు, భయపడ్డానని అనుకోవచ్చు. ఈసారి ఆమె, నేను, ఇద్దరమే. ఆమెకి నేనెవరో కూడా పట్టదు. అతను చెప్పాడు, నాకే చెప్పాడు అని అంటే చాలు. కానీ అలా అంటే, మరి మీరేం చేశారని అడుగుతుంది కదా? ఆ మాట అటు తిరిగి ఇటు తిరిగి మా మేనేజర్ చెవిన పడితే? కార్డ్‌లో ఉన్నదే చెప్పాను. కంపెనీ లోపలి విషయాలు మాట్లాడటానికి మాకు అనుమతి లేదండీ అన్నాను. ఆమె థాంక్స్ చెప్పి పెట్టేసింది. రెండు రోజుల తర్వాత వేరేవాళ్లని తీసుకున్నామని తమ్ముడికి ఈమెయిల్ వచ్చింది. అందులో నాకూ అతనికీ అర్థం కానిదేమీ లేదు.

ఆ తర్వాత ఇంకేమీ దొరకలేదు. యాభై తొమ్మిదో రోజు శనివారం. వాళ్ల అపార్ట్‌మెంట్‌కి వెళ్లేసరికి సామాను చాలా వరకు ఎవరెవరికో ఇచ్చేశారు. హాల్లో నాలుగు సూట్‌కేసులు, వాటిని తూచడానికి ఒక తూకం మిషన్. తమ్ముడి భార్య రైస్ కుక్కర్ నాకిచ్చింది, కొత్తదే వదినా, నెల కూడా వాడలేదు అంటూ. ఆమె లైసెన్స్ కార్డు పోస్టులో వచ్చి టేబుల్ మీద ఉంది. ఆమెకి సంగతి తెలుసో తెలియదో ఆమె ముఖం చూసి కనుక్కోలేకపోయాను.

కుక్కర్ కారులో పెట్టడానికి తమ్ముడు కిందికి వచ్చాడు. డిక్కీ వేశాడు.

"అక్కా, ఒక మాట" అన్నాడు. "ఆ రోజు మెసేజ్ ఉండె గద. నేను డిలీట్ చేసిన. మా ఇంట్ల గూడ ఎవ్వరికి జెప్పలె. మీరింక టెన్షన్ పెట్టుకోకండి."

కోపంగా అని ఉంటే బాగుండేది. కోపం లేదు. డబ్బాల్లో కూర పంపినప్పుడు ఎట్లా మాట్లాడేవాడో అట్లాగే అన్నాడు. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. "జాగ్రత్తగా వెళ్లండి" అన్నాను.

నాకు మొదట కలిగింది ఊరట. హమ్మయ్య అనుకున్నాను, నిజంగా ఆ మాటే అనుకున్నాను. సిగ్గు తర్వాత వచ్చింది, అప్పటికి హైవే ఎక్కేశాను. అతను తీసేసింది తన ఫోన్‌లోంచే. నా ఫోన్‌లో ఆ మెసేజ్ అట్లాగే ఉంది, దాని కింద నా జవాబుతో సహా. ఈ సంగతికి ఇప్పుడు లోకంలో సాక్ష్యం ఉంటే నా దగ్గరే ఉంది. సోమవారం ఆఫీసుకి వెళ్లాను. వీకెండ్ ఎలా గడిచిందని మేనేజర్ అడిగాడు. బాగా గడిచిందన్నాను.